దూరము, నేల, గోడ: పడమటి కర్నూలు సీమలో భూకంప విచారము

భారతీయ ప్రమాణముల సంస్థ 2002లో ప్రకటించిన భూకంప మండల పటమును విప్పి చూచినచో పడమటి కర్నూలు సీమ యంతయు రెండవ మండలమున, అనగా దేశమున కెల్ల అల్పప్రమాదమని పేర్కొనబడిన భాగమున, ఒక్కటే రంగుతో కానవచ్చును. ఆదోని కోట నిలిచియున్న కరకు బండలకును, ఎమ్మిగనూరు చుట్టునున్న పత్తిచేల రేగడికిని, మంత్రాలయము దగ్గర తుంగభద్ర పరచిన ఒండ్రునకును ఆ పటమున భేదము లేదు. దేశమంతటిని ఒక కాగితము మీద చూపవలసిన పటమునకు అంతకంటె సూక్ష్మము సాధ్యమును కాదు. కాని ఇల్లు కట్టుకొనువాడు పటము మీద కట్టుకొనడు. ఒకానొక సర్వే నెంబరులో, ఒకానొక మట్టిలో పునాది త్రవ్వుకొనును. ఆ మట్టి భూకంపవేళ ఎట్లు ప్రవర్తించునో పటము చెప్పదు.

ఈ విషయమున సామాన్యముగా వినవచ్చు మాటలు రెండు. భూకంపములు ఎక్కడనో దూరమున పుట్టును గనుక మనకు భయము లేదనునది మొదటిది. మన రేగడి చెడ్డ నేల గనుక ఎప్పుడు వచ్చినను మనకే ముప్పనునది రెండవది. రెండింటను కొంత సత్యము కలదు, రెండును అసమగ్రములే. దూరము కంపమును తగ్గించును గాని అన్ని కంపములను సమానముగా తగ్గింపదు. మెత్తని నేల కంపమును పెంచును గాని అది తగినంత లోతుగా ఉన్నప్పుడే పెంచును. ఈ రెండింటి ఫలితమును మోయునది తుదకు గోడ. ఈ మూటిని గూర్చి నూరేండ్లకు పైగా విద్వాంసులు కూర్చిన జ్ఞానమును సమీక్షించి, దానిని ఈ సీమకు అన్వయించి చూచుట ఈ వ్యాసోద్దేశము.

దూరము

భూగర్భమున ఒక బీట వెంబడి శిలలు హఠాత్తుగా జారినప్పుడు పుట్టెడు తరంగములు ఆ జారిన చోటినుండి, అనగా నాభినుండి, అన్ని దిక్కులకును వ్యాపించును. వ్యాపించిన కొలదిని అదే శక్తి అంతకంతకు పెద్దదగు గోళముపై పరచుకొనవలసి వచ్చుటచే కంపన విస్తృతి దూరమునకు విలోమముగా తగ్గి, పదిరెట్ల దూరమున పదోవంతు మాత్రమే మిగులును. భూమి పైపొర నంటుకొని సాగు తలతరంగములు వలయాకారమున మాత్రమే వ్యాపించును గనుక అవి అంత త్వరగా క్షీణింపక పదిరెట్ల దూరమున సుమారు మూడోవంతు నిలుపుకొనును. ఈ క్షేత్రగణిత కారణమునకు తోడు, శిలలు తమలోనుండి సాగిపోవు శక్తిలో కొంత భాగమును వేడిగా మార్చి మ్రింగివేయును. ఈ మ్రింగుట ఒక్కొక్క ఊపునకు ఇంతని జరుగుటచే, సెకనుకు పెక్కుమార్లు ఊగెడు పొట్టి తరంగములు దారిలోనే నశించి, మెల్లగా ఊగెడు పొడవాటి తరంగములే దూరదేశమునకు చేరును. నాభికి దగ్గరనున్న ఊరిలో నేల గడగడ వణకును. దూరపు నగరమున అది మెల్లగా, చాలసేపు ఊగును. ఒకటి రెండంతస్తుల గట్టి ఇండ్లు మొదటిదానికిని, ఎత్తైన మేడలు రెండవదానికిని ఎక్కువగా స్పందించును.

దూరమనగా నేలపై కొలుచు దూరము మాత్రమే కాదు. నాభి ఎంత లోతున ఉన్నదన్నదియు లెక్కకు రావలెను. 1993 సెప్టెంబరు 30వ తేది తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతమును నేలమట్టము గావించిన భూకంపపు పరిమాణము 6.2. అది భూతలమునకు మిక్కిలి సమీపమున పుట్టినది గనుక, కొద్ది పదుల కిలోమీటర్ల లోపల గ్రామములకు గ్రామములే కూలగా, ఆ వలయము వెలుపల నష్టము త్వరగా తగ్గిపోయినది. 2024 డిసెంబరు 4న ములుగు సీమలో పుట్టిన 5.3 పరిమాణపు భూకంపము అంతకంటె చాల లోతున పుట్టుటచే తెలంగాణ అంతటను, ఆంధ్రలో పెక్కు చోట్లను జనులను వీథులలోనికి తరిమినను విశేషనష్టము కలిగింపలేదు.

దక్షిణాపథపు శిలాపీఠమునకు వేరొక విశేషము కలదు. ఆదోని, బళ్ళారి, రాయచూరు సీమల క్రింద నున్న గ్రానైటు, నీసు శిలలు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటివి. చిరకాలముగా చల్లారి బిగిసిన ఇట్టి శిలలు తరంగశక్తిని స్వల్పముగానే మ్రింగును గనుక, నలిగి పగిలిన నవీన పర్వతప్రాంతములలో కంటె ఇచట కంపము ఎక్కువ దూరము పోవును. 2011 ఆగస్టు 23న అమెరికా తూర్పు భాగమందలి వర్జీనియాలో, ఇట్టి ప్రాచీన శిలల మధ్య పుట్టిన 5.8 పరిమాణపు భూకంపము నూరు కిలోమీటర్లకు పైగా దూరమున ఉన్న వాషింగ్టను స్మారక స్తంభమునకు బీటలు పెట్టి, కెనడా వరకు జనులకు తెలియవచ్చినది. కావున మనకు దూరము రక్షణయే యైనను, ఆ రక్షణ ఇతర దేశములలో వలె దట్టమైనది కాదు.

ఆదోనికి కిల్లారి సుమారు 280 కిలోమీటర్లు. ఆంధ్రదేశమున ప్రసిద్ధములైన 1967 నాటి ఒంగోలు, 1969 నాటి భద్రాచల భూకంపములు ఈ సీమకు దూరపువే. కాని ఆదోనికి అరువదియైదు కిలోమీటర్ల దూరమునే ఉన్న బళ్ళారి పరిసరములలో 1843 ఏప్రిల్ 1న గట్టి భూకంపము వచ్చినట్లు పాత పట్టికలలో నమోదై యున్నది. ఆదోని తాలూకా 1953లో ఆంధ్రరాష్ట్రమున చేరువరకు బళ్ళారి జిల్లాలోనిదే. జిల్లాల హద్దులు మారినంత మాత్రమున శిలల బాంధవ్యము మారదు. అన్నియు దూరముననే పుట్టుననెడు ధీమాకు ఆ ఒక్క తేదీయే చాలినంత అభ్యంతరము.

నేల

ఒకే నగరమున, ఒకే భూకంపమునకు, కొన్ని వీథుల తేడాతో నష్టము ఇంత భిన్నముగా ఏల ఉండునను ప్రశ్న క్రొత్తది కాదు. 1906 ఏప్రిల్ 18 నాటి శాన్ ఫ్రాన్సిస్కో భూకంపానంతరము హ్యారీ వుడ్ అను పండితుడు నగరమును వీథి వీథి తిరిగి పరిశీలించి, కొండరాతి మీది ఇండ్లకు కలిగిన నష్టము స్వల్పమనియు, అఖాతపు బురదపై మన్ను పోసి పూడ్చిన నేలల మీదనే వినాశము మిక్కుటమనియు 1908 నాటి నివేదికలో పటముతో సహా చూపెను. ఎనుబది యేండ్ల పిమ్మట, 1989 అక్టోబరు 17న, సుమారు నూరు కిలోమీటర్ల దూరమున పుట్టిన భూకంపము అదే నగరమునందలి మరీనా పేటలో ఇండ్లను కూల్చెను. ఆ పేట 1915 నాటి ప్రదర్శన కొరకు పూడ్చిన నేల. పటము ఉండుట వేరు, దానిని మన్నించుట వేరు.

ఈ ప్రవర్తనకు కారణములు రెండు. మొదటిది తరంగవేగము. ప్రక్కకు ఊపెడు తరంగములు గట్టిరాతిలో సెకనుకు 1500 మీటర్లకు మించిన వేగమున పోవును. మెత్తని బంకమట్టిలో అవి 150 మీటర్లకు దిగిపోవచ్చును. వేగము తగ్గినను వచ్చిన శక్తి అంతయు పోవలసినదే గనుక, వేగము పదోవంతైనప్పుడు ఊపు సుమారు మూడింత లగును. రెండవది అనునాదము. రాతిపై పరచుకొనిన ప్రతి మట్టిపొరకును స్వకీయమైన ఒక ఆవర్తన కాలము కలదు. పొర మందమును నాలుగింతలు చేసి, దానిలోని తరంగవేగముచే భాగించినచో అది తెలియును. నిండుబిందె నెత్తిన పెట్టుకొని నడచు స్త్రీ అడుగుల లయ బిందెలోని నీటి ఊపుతో ఏకీభవించినప్పుడే నీరు తొణకునట్లు, వచ్చెడు తరంగపు లయ పొర లయతో కలిసినప్పుడే నేల విపరీతముగా ఊగును. ఆ నేల మీది కట్టడపు లయయు వానితో కలిసినచో అనర్థము పరిపూర్ణమగును.

1985 సెప్టెంబరు 19న మెక్సికో నగరమున ఈ మూడు లయలును కలిసినవి. పసిఫిక్ తీరమున పుట్టిన 8.0 పరిమాణపు భూకంపము మూడు వందల యేబది కిలోమీటర్లకు పైగా ప్రయాణించి నగరమును చేరునప్పటికి, కొండరాతి మీది యంత్రములలో గురుత్వ త్వరణమున నూటికి మూడు నాలుగు పాళ్ళు మాత్రమే నమోదైనది. పూర్వము సరస్సుగా ఉండి ఎండిన లోతైన బంకమట్టి మీద అది పదునేడు పాళ్ళకు పెరిగి, రెండు సెకనులకు ఒక ఊపు వంతున నిమిషమునకు పైగా సాగినది. ఆ లయకు దగ్గరగా ఉన్న ఆరు మొదలు పదునైదు అంతస్తుల మేడలు వందలుగా కూలగా, అదే బంకమట్టి మీది పాత పొట్టి రాతి కట్టడములు పెక్కు నిలిచినవి. పొట్టి ఇల్లు సురక్షితమనియో, ఎత్తైన మేడ ప్రమాదమనియో దీనినుండి సూత్రము చేయరాదు. నేల లయ ఏదో తెలియనిదే ఏ ఇల్లు భద్రమో చెప్పజాలమన్నదే దీని సారము.

ఇసుకనేలల తీరు వేరు. నీటితో నిండిన వదులైన ఇసుక కంపమునకు కుదించుకొనజూచును. నడుమనున్న నీరు వెడలిపోవుటకు వ్యవధి చాలక ఒత్తిడి పెరిగి, ఇసుకరేణువులు ఒకదానిపై ఒకటి ఆనుట మాని, నేల ద్రవమువలె ప్రవర్తించును. 1934 జనవరి 15 నాటి బీహారు భూకంపమున సీతామఢి, మధుబని ప్రాంతముల సువిశాలమైన మైదానమున నేల చీలి ఇసుకయు నీరును పైకి చిమ్మగా, ఇండ్లు ఊగి కూలుటకు మారుగా ఒరిగి నేలలోనికి క్రుంగిపోయినవి. కృష్ణా డెల్టా వంటి లోతైన ఒండ్రునేలలలో ఇంజనీర్లు ప్రధానముగా విచారింపవలసినది ఈ విషయమునే.

ఈ శాస్త్రమున నేటికిని చర్చనీయములగు సంగతులు కలవు. మెత్తని నేల ఎల్లప్పుడును ఒకే పాలున కంపమును పెంచదు. స్వల్పకంపమును మిక్కిలి పెంచిన పొరయే ప్రచండకంపమున తాను లోబడి, శక్తిని తనలోనే అణచుకొని, పెంపును తగ్గించుకొనును; కావున చిన్న భూకంపములలో కొలిచిన పెంపును పెద్దవానికి యథాతథముగా వర్తింపజేయరాదు. పైనున్న ముప్పది మీటర్ల సగటు వేగమును బట్టి నేలలను తరగతులుగా విభజించు పద్ధతి ప్రపంచమంతటను వాడుకలో ఉన్నను, అయిదారు మీటర్లకే గట్టిరాయి తగులు చోటులకు ఆ సగటు వాస్తవస్థితిని సరిగా చూపదని విమర్శ కలదు. మన సీమకు ఈ విమర్శ ముఖ్యమైనది. మన భారతీయ ప్రమాణగ్రంథము నేలలను రాయి లేక గట్టినేల, మధ్యమము, మెత్తనిది అని మూడుగా విభజించి, ఒక సెకను ఆవర్తన కాలము గల కట్టడమునకు రాతి మీద ఒక పాలు బలమును లెక్కించినచోట మెత్తని నేల మీద 1.67 పాళ్ళు లెక్కింపవలెనని విధించుచున్నది.

గోడ

2001 జనవరి 26 నాటి భుజ్ భూకంపమున అహమ్మదాబాదు, నాభికి సరిగా పైన నేలమీదనున్న అధికేంద్రమునకు దాదాపు 240 కిలోమీటర్ల దూరమున ఉన్నది. అచట నమోదైన త్వరణము గురుత్వ త్వరణమున సుమారు పదోవంతు. సక్రమముగా కట్టిన కట్టడము దానికి కూలనక్కరలేదు. అయినను సబర్మతి పరచిన లోతైన ఒండ్రు మీద, క్రింది అంతస్తును కార్లకు విడిచి స్తంభములపై లేపిన బహుళాంతస్తుల భవనములు పదులకొలది కూలి, ఆ నగరముననే సుమారు 750 మంది మరణించిరి. పై అంతస్తులు ఇటుక గోడలతో బిగిసి, క్రిందిది గోడలు లేక సడలియుండుటచే కంపమంతయు ఆ స్తంభముల తలలకును మొదళ్ళకును చేరినది. ఆదోని, ఎమ్మిగనూరు బజారువీథులలో క్రింద దుకాణములకును బండ్లకును ఖాళీ విడిచి, పైన రెండు మూడు అంతస్తులు వేయు నేటి పద్ధతిని చూచువారు ఈ సంగతిని మరువరాదు.

కిల్లారి పాఠము పాత ఇండ్లకు సంబంధించినది. ఆ ప్రాంతము అప్పటి పటమున మొదటి మండలమున, అనగా అన్నిటికంటె తక్కువ ప్రమాదపు భాగమున, ఉండెను. ఆ మొదటి మండలమే 2002 పటమున రద్దై రెండవదానిలో కలిసిపోయినది. అచటి మృతులు ప్రభుత్వపు లెక్కకే దాదాపు ఎనిమిది వేలు. వారిలో అత్యధికులను చంపినవి చెక్కని గుండురాళ్ళను మట్టితో పేర్చి, లోపల ఒక వరుస, వెలుపల ఒక వరుసగా లేపి, నడుమ రాతిముక్కలు నింపిన మందమైన గోడలును, వానిపై అడుగుకు మించిన మట్టికప్పును. మన సీమలోని పాత మట్టిమిద్దెయు ఈ జాతిదే. దూలము, దానిపై దంతెలు, వానిపై కట్టెలు, ఆకు, ఆపైన చవుడు; కారుట ఆరంభించిన ప్రతిసారి పాతది తీయకయే పైన మరికొంత చవుడు పోయుట పెద్దల కాలమునుండి వచ్చిన వాడుక. ఆ చవుడు ముప్పది సెంటీమీటర్ల మందమైనచో చదరపు మీటరునకు సుమారు 480 కిలోల బరువగును. నాలుగు మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు గల గదిపై అది తొమ్మిదిన్నర టన్నులు. అహమ్మదాబాదులో వలె పదోవంతు త్వరణమే వచ్చినదనుకొందము: దాదాపు ఒక టన్ను బలము గోడల తలలను ఇటునటు ప్రక్కకు నెట్టును. నిలువు బరువును మాత్రమే మోయుటకు పేర్చిన రాళ్ళకు ఆ నెట్టును ఆపు శక్తి లేదు. వెలుపలి వరుస వీథిలోనికి విచ్చిపోగా, కప్పు లోపలివారిమీద దిగును.

ఈ సీమకు అన్వయము

ఇక రేగడి సంగతి. ఎండకాలమున చేయి దూరునంతటి నెఱ్ఱెలు విచ్చి, వానకు ఉబ్బి మూసుకొను ఈ నేల ఇంటి గోడలను చీల్చునన్నది నిర్వివాదము. అయితే అది భూకంపమున చేయు పని కాదు. ఋతువునుబట్టి చేయు పని. దర్వాజ మూలనుండి ఏటవాలుగా పోయి, ఎండలకు వెడల్పై వానలకు సన్నగిల్లు చీలిక రేగడిది. రెండు కిటికీల నడుమ గోడపై ఒకదానినొకటి ఖండించు రెండు ఏటవాలు చీలికలు ఒక్కనాటనే పుట్టినచో అది కంపముది. ఈ రెండింటిని ఒకటిగా తలచుట వలననే రేగడిని గూర్చిన భయము దారితప్పుచున్నది.

లెక్క చూతము. రెండు మీటర్ల రేగడిలో తరంగవేగము 150 మీటర్లనుకొన్నను ఆ పొర ఆవర్తన కాలము సెకనులో ఇరువదవ వంతు మాత్రమే. అంతస్తునకు సెకనులో పదోవంతని ఇంజనీర్లు వేయు స్థూలపు లెక్కను బట్టి ఏ ఇల్లును ఆ లయకు దిగదు. అంత పలుచని పొరను ముప్పది మీటర్ల పొడవు గల తరంగము దాదాపు గమనింపదనియే చెప్పవచ్చును. కాని రేగడి క్రింద రాయి వెంటనే తగలదు. శిథిలమై గరుసుగా మారిన నీసు పదిపదునైదు మీటర్లుండుట కలదు. ఆ గరుసు పదునైదు మీటర్లనియు, దానిలో వేగము 400 మీటర్లనియు అనుకొన్నచో ఆవర్తన కాలము 0.15 సెకను, ఇది సరిగా ఒకటి రెండంతస్తుల ఇండ్ల లయ. కావున ఈ సీమలో దగ్గర పుట్టిన భూకంపమును పెంచగలది కంటికి కనబడు నల్లమట్టి కంటె, దాని క్రింద కనబడని గరుసు లోతే యని తలచుటకు హేతువు కలదు. చూడవలసినది నేల రంగు గాదు, గట్టిబండకు గల లోతు.

ఆ లోతు ఎవరికి తెలియును? బోరు వేయువారికి తెలియును. రిగ్గు బండి వచ్చి బోరు దింపునప్పుడు మెత్తని పొరలు కూలకుండ గట్టిబండ తగులు వరకు కేసింగు పైపును దింపుదురు. అడుగుకు ఇంతని డబ్బు చెల్లింపవలసినది గనుక ఎన్ని అడుగుల కేసింగు పట్టినదో ఇంటి యజమాని యేండ్ల తరబడి మరువడు. ఒక వీథిలో ఇరువది అడుగులు పట్టిన చోటికి నాలుగు వీథుల ఆవల అరువది పట్టుట ఈ సీమలో అబ్బురము కాదు. ఆ రెండంకెల నడుమ ఉన్నది భూకంపశాస్త్రము అడుగుచున్న సమాచారమే. కేసింగు పొడవు స్థూలమైన కొలతయే యైనను, ఏ మండల పటము కంటెను ఇది వీథికి దగ్గరగా పలుకును.

గరుసు గాక ప్రత్యేక శ్రద్ధ వలసిన తావులు మూడు. మొదటివి పూడ్చిన చెరువులు, వంకలు, పాత బావులు. ప్లాట్లుగా మారిన పిదప చూచుటకు ఇతర నేలవలెనే ఉన్నను ఇవి వదులైన పోతమట్టి. రెండవది తుంగభద్ర గట్టు. మంత్రాలయమును 2009 అక్టోబరులో ముంచిన వరద ఎంత దూరము ప్రాకినదో, సుమారుగా అంత దూరము నది తన ఒండ్రును పరచి యుండును. నీటిమట్టము పైననే ఉన్న వదులు ఇసుకలను అచట పరీక్షింపవలెను. తుంగభద్ర దిగువ కాలువ క్రింద సాగునీటితో ఏడాదిలో ఎక్కువ కాలము తడిసియుండు రేగడియు ఎండిన రేగడి కంటె మెత్తనిదే. మూడవవి కొండల అంచులు. కొండ శిఖరములమీద ఊపు సామాన్యముగా క్రిందికంటె ఎక్కువ. దానికి తోడు ఆదోని చుట్టునున్న గుట్టలపై ఒకదానిమీద ఒకటి నిలిచిన గుండ్లు పాదమున ఉన్న ఇండ్లకు వేరొక ముప్పు.

ఆ గుండ్లే వేరొక విధమున సాక్ష్యమును కూడ చెప్పగలవు. 1990 ప్రాంతముల నుండి అమెరికాలో జేమ్స్ బ్రూన్ మొదలగువారు సన్నని ఆధారముపై నిలిచిన గుండ్లను కొలిచి, వానిని దొర్లించుటకు ఎంతటి త్వరణము కావలెనో లెక్కించి, అవి నిలిచియున్నంత కాలము అచట అంతటి కంపము రాలేదని నిర్ణయించు పద్ధతిని పెంపొందించిరి. విశాలమైన అడుగుతో కూర్చున్న గుండు ఏ సాక్ష్యమును చెప్పదు. చేతికఱ్ఱ మొనపై నిలిచినట్లుండునదే చెప్పును. బారాఖిల్లా, తాలిబండ వంటి ఎత్తైన కొండలు గల ఆదోని ఇట్టి పరిశోధనకు అనువైన క్షేత్రము. వ్రాతలో లేని వేలయేండ్ల చరిత్ర అచట శిలలపై నిలిచి ఉండవచ్చును.

చేయదగినది

పై విచారము వలన కర్తవ్యక్రమము తేలుచున్నది. మొదట ఖర్చు పెట్టవలసినది గోడ మీద. పాత మిద్దెపై పేరుకొనిన చవుడును తీసి కప్పును తేలిక చేయుట. క్రొత్త రాతిగోడలలో లోపలి వరుసకును వెలుపలి వరుసకును అడ్డముగా పోవు పొడవాటి రాళ్ళను పెట్టుట. దర్వాజల తలమట్టమున ఇంటి చుట్టును తెగకుండ ఇనుపకడ్డీలతో కాంక్రీటు పట్టీ వేయుట. క్రింది అంతస్తును ఖాళీగా విడుచునప్పుడు దాని స్తంభములను ఆ లెక్కకు తగినట్లు బలపరచుట: ఇవి ఏ నేల మీదనైనను, ఎంత దూరపు భూకంపమునకైనను ఉపకరించును. రెండవది రికార్డు. ఇల్లు కట్టుటకు అనుమతి కోరు దరఖాస్తులోనే ఆ స్థలమున బోరు ఉన్నచో కేసింగు ఎన్ని అడుగులో వ్రాయించినచో, పైసా ఖర్చు లేకయే కొద్ది యేండ్లలో పురపాలక సంఘము చేతికి ఊరి అడుగుబండ పటము వచ్చును. మూడవది కొలత. యుటాకా నకమురా 1989లో ప్రచారమునకు తెచ్చిన పద్ధతిచే, భూకంపము కొరకు వేచియుండ నక్కరలేకయే, నేలలో నిరంతరముండు సూక్ష్మకంపనములను ఒక చిన్న యంత్రముతో వినియే ఆ తావు లయను గుర్తింపవచ్చును. హైదరాబాదులో 1961 నుండి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉండగా ఇది మనకు దుర్లభము కాదు. ఊరంతయు కొలువనక్కర లేదు. కేసింగు అంకెలు ఎక్కడ హెచ్చుగా మారుచున్నవో అక్కడ కొలిచిన చాలును. ఆసుపత్రి, బడి, నీటిట్యాంకు కట్టు తావులను మొదట చూచుట యుక్తము.

ఇంతగా చెప్పుట ఈ సీమకు భూకంపము రాబోవుచున్నదని భయపెట్టుటకు గాదు. రెండవ మండలమనెడు తీర్పు, ఇచట గట్టి భూకంపము అరుదనుటవరకు, సమంజసమే. అయితే కిల్లారికి నాడు దక్కిన తీర్పు దీనికంటెను మెత్తనిది. అచట చంపినది మండలపు అంకె కాదు, తలపైనున్న మన్ను. ఆదోనిలోను ఎమ్మిగనూరిలోను ఆ మన్ను బరువు ఎంతో, గోడ క్రింద గరుసు లోతెంతో తెలిసికొనుటకు శాస్త్రజ్ఞుని రాకకై వేచియుండ పనిలేదు. మొదటిదానికి ఒక గడపారయు, రెండవదానికి బోరు వేయించినవాని జ్ఞాపకమును చాలును.